బక్కయ్య గారి క్రోము సైకిలు

ముందే చెబుతున్నాను, నేను పని రానివాణ్ణి కాను. సైకిలు ఫ్రేముకు క్రోము ఎక్కించడం నాకంటే బాగా తెలిసినవాడు ఆ రోజుల్లో కరీంనగర్‌లో ఎవడైనా ఉంటే పేరు చెప్పండి, ఇప్పుడే పోయి కాళ్లు పట్టుకుంటాను. హైదరాబాదులో ఒక ఉస్తాద్ దగ్గర ఏడేళ్లు తేజాబ్ పొగ, అదే యాసిడ్ పొగ, పీల్చి నేర్చుకున్న పని. గోళ్లు పసుపుపచ్చగా మారాయి, ముక్కులో పుండ్లు పడ్డాయి. పని రానివాడు పాడుచేస్తే పాపం పొరపాటు అనుకోవచ్చు. నాకు ఆ సాకు కూడా లేదు.

మా దుకాణంలో రెండు రేట్లు. మూడు పూతలకు ముప్పై రూపాయలు, ఒంటి పూతకు పన్నెండు. మూడు పూతలంటే, ఫ్రేము పాత రంగు గీకి, తేజాబ్‌లో ముంచి, పాలిష్ చక్రం మీద రుద్ది రుద్ది, మొదట రాగి, దాని మీద నికెల్, అన్నిటికీ పైన క్రోము. జనం మెరుపునే చూస్తారు, మెరుపు క్రోముది. కాని క్రోము ఉల్లిపొరకంటే పల్చన, దాని నిండా కంటికి ఆనని పగుళ్లు. నీళ్లు ఇనుము దాకా పోకుండా ఆపేది కింద ఎవరికీ కనపడకుండా ఉండే నికెల్. నికెల్ తొట్టిలో ఫ్రేము ముప్పావు గంట ఉండాలి. క్రోము తొట్టిలో నాలుగు నిమిషాలు చాలు. నికెల్ ఎగ్గొట్టి ఇనుము మీద నేరుగా క్రోము ఎక్కిస్తే అది ఒంటి పూత. మొదటి వారం రెండింటినీ పక్కపక్కన పెడితే కొన్నవాడు చచ్చినా తేడా పట్టలేడు.

పెళ్లి ఊరేగింపులో మెరిస్తే చాలు అనేవాళ్లు ఒంటి పూత చేయించుకునేవారు. వాళ్లకు మొహం మీదే చెప్పేవాణ్ణి, "వానల తిప్పితే తుప్పు పడతది, గప్పుడు నా దుకాణం ముంగట లొల్లి పెట్టొద్దు" అని. చెప్పి చేస్తే మోసం లేదు. ఈ లెక్కన ఆ ఒక్క ఫ్రేము వచ్చేదాకా నేను ఎవరినీ మోసం చేయలేదు.

ఆ ఫ్రేము మా బక్కయ్య గారిది. మా క్రైస్తవ సంఘంలో ఆయన ప్రసంగి. ప్రసంగి అంటే గురువు కాదు. వాక్యం చెప్పొచ్చు, ప్రార్థన చేయొచ్చు, చచ్చిపోయినవాళ్లను మట్టి చేయొచ్చు. బాప్తిస్మం మాత్రం ఇవ్వకూడదు, ప్రభువు బల్ల మీద రొట్టె విరవకూడదు. మానేరు అవతల తొమ్మిది పల్లెలు ఆయనవి. పన్నెండేళ్లు ఆ పల్లెలన్నీ సైకిలు మీద తిరిగి ఒక్కొక్క ఇంటినీ ఆయనే పోగుచేశాడు. కాని వాళ్ల తల మీద నీళ్లు పోయడానికి మాత్రం ఏడాదికి ఒకసారి జిల్లా సంఘాలన్నిటికీ అధికారి అయిన పెద్దయ్యగారు రావాలి. కొమురవ్వ అనే ముసలమ్మ బాప్తిస్మం కోసం ఎదురుచూసి ఎదురుచూసి, పెద్దయ్యగారు రావడానికి నాలుగు రోజుల ముందు కన్నుమూసింది. ఆ రోజు బక్కయ్య గారు నా దుకాణం అరుగు మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"నేను పక్కనే ఉన్న సామ్యూలూ. చెంబుల నీళ్లున్నయ్. చెయ్యే లేదు నాకు" అన్నాడు.

అరవై మూడులో ఆయన పేరు ఎట్టకేలకు పైకి పోయింది. వచ్చే వానకాలంలో పెద్దయ్యగారు వచ్చి, సంఘాన్ని విచారించి, గురువుగా అభిషేకం చేయాలా వద్దా అన్నది తేలుస్తారు. ఆయనకు అప్పటికి యాభై ఆరేళ్లు. ఈసారి తప్పితే మళ్లీ వంతు రాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆ డిసెంబరులో కోత పండుగ. మా సంఘంలో ఆ రోజు ఎవరి కానుక వాళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టి, అందరూ వినేలా చెప్పాలి. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, కుండెడు నెయ్యి. తర్వాత వాటికి హర్రాజ్, అంటే వేలం, పాడతారు. ముత్యం సారు మా సంఘపెద్ద, బడి పంతులు. ఆయన రెండు బస్తాల వడ్లు ఇస్తున్నానని చెప్పగానే గుడి గుడంతా "స్తోత్రం" అంది. నా చేతిలో ఒక పుంజు ఉంది, అదీ బక్కది. నాకు ముందే నోరు ఊరుకోదు. లేచి నిలబడ్డాను.

"బక్కయ్య అయ్యగారి సైకిలుకు క్రోము ఎక్కిచ్చిస్త. మూడు పూతలు. ముప్పై రూపాల పని. దేవునికి నా కానుక" అన్నాను.

ముత్యం సారుకంటే నాకే గట్టిగా స్తోత్రం వచ్చింది. బక్కయ్య గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన సైకిలు సంగతి అందరికీ తెలుసు, నలుపు రంగు పోయి ఎక్కడికక్కడ పెచ్చులూడిన ముసలి బండి అది. నా భార్య సంతోషమ్మ ఆడవాళ్ల వైపు నుంచి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు కోసమైనా ఆ పని సరిగ్గా చేసి ఉండాల్సింది.

క్రిస్మస్‌కు ఇస్తానని ఫ్రేము విప్పి తెచ్చుకున్నాను. అదే వారం కాగజ్‌నగర్ నుంచి ఒక కంట్రాక్టరు మనిషి వచ్చాడు. కంట్రాక్టరు అల్లుడికి పెళ్లి సైకిలు, మూడు పూతలు, నాలుగు రోజుల్లో కావాలి, ముప్పై అయిదు ఇస్తాం అన్నాడు. చైనా యుద్ధం తర్వాత నికెల్ పలకలు దొరకడం గగనమైపోయింది. హైదరాబాదుకు డబ్బు కట్టి నెల దాటినా సరుకు రాలేదు. తొట్టిలో వేలాడుతూ పూతగా కరిగే పలకలు అరిగి అరిగి ఆకుల్లా అయ్యాయి. ఒక ఫ్రేముకు సరిపోతాయి. రెండో దానికి సరిపోవు.

సంతోషమ్మ దుకాణంలో నాతో పాటే పనిచేసేది. ఫ్రేములకు తీగలు కట్టడం, తేజాబ్ నుంచి తీసినవి కడగడం ఆమె పని. నికెల్ ఎంత మిగిలిందో నాకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు.

"అయ్యగారిది ముంగట చెయ్యి. పెండ్లోళ్లకు ఒంటి పూతనే అయితదని చెప్పు. ఒప్పుకుంటె ఒప్పుకుంటరు, లేకుంటె పోతరు" అంది.

"పైసలిచ్చినోడు తుప్పు పడితె కాలర్ పట్టుకుంటడే. అయ్యగారు పట్టుకుంటడా?" అన్నాను.

ఈ మాట నేనన్నానని ఇవాళ రాస్తుంటే చెయ్యి సిగ్గుపడుతోంది. అప్పుడు మాత్రం తెలివైన మాట అన్నాననుకున్నాను. సంతోషమ్మ కడుగుతున్న ఫ్రేమును ఠప్పున కింద పెట్టి లోపలికి పోయింది. నికెల్ కాగజ్‌నగర్ అల్లుడికి పోయింది. బక్కయ్య గారి ఫ్రేమును పాలిష్ చక్రం మీద బాగా రుద్ది, రాగి కూడా లేకుండా నాలుగు నిమిషాలు క్రోములో ముంచి తీశాను. నికెల్ వచ్చాక మళ్లీ విప్పి చేద్దాంలే అనుకున్నాను. జనవరి చివర్లో నికెల్ వచ్చింది. విప్పలేదు.

క్రిస్మస్ నాడు ఆ సైకిలును గుడి ముందు నిలబెడితే జనం చుట్టూ మూగారు. ఎండ పడి కళ్లు చెదిరేట్టు మెరిసింది. బక్కయ్య గారు వంగి, ఫ్రేములో తన ముఖం చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

"ఓ సామ్యూలూ, గింత నల్లగున్ననా నేను? రిబ్కమ్మ ఇన్నేండ్లల్ల ఒక్కనాడు చెప్పకపాయె!" అన్నాడు.

ఆయన భార్య రిబ్కమ్మ గారు, "చెప్తె పెండ్లి అయితుండెనా?" అంది. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. పెద్దగా నవ్వాను.

ఆరు నెలలు నా పేరు తొమ్మిది పల్లెల్లో మోగింది. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు అని అడిగినవాళ్లకల్లా బక్కయ్య గారు మా దుకాణం గుర్తులు చెప్పేవాడట. ఆ ఏడు పెళ్లిళ్ల సీజన్లో నాకు తీరిక లేదు. ఆయన మాత్రం ఫిబ్రవరి నుంచి సైకిలు మీద గుడికి రావడం తగ్గించాడు, నడిచే వచ్చేవాడు. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను. మా దుకాణం ముందు నుంచి పోవాల్సి వచ్చినా, వెనక సందులోంచి చుట్టు తిరిగి పోయేవాడని తర్వాత తెలిసింది.

జులైలో, వానలు జోరుగా పడుతున్నప్పుడు, మంథని బస్సు ఆగే చోట ఆయన సైకిలు కనపడింది. నా కళ్లను నేనే నమ్మలేదు. ఫ్రేము మొత్తం నల్లరంగు! కుంచెతో చేత్తో పూసిన రంగు, గడ్డలు గడ్డలుగా, కారిన చోట కారినట్టే. క్రోము వీసమెత్తు కనపడటం లేదు.

నా ముక్కు మీద కోపం ఊరంతటికీ తెలుసు. నా చేతి పని మీద, పైగా దేవుడికి ఇచ్చిన కానుక మీద, తారు డబ్బాలో ముంచినట్టు రంగు పూస్తారా? ఎందుకు పూశారో వెళ్లి అడుగుదామన్న ఆలోచన కూడా రాలేదు. అసలు ఆ ఫ్రేముకు నేనేం చేశానన్నది నా బుర్రలో లేనే లేదు. ఆరు నెలలుగా జనం మూడు పూతలు మూడు పూతలు అంటుంటే నేనే నమ్మేశాను. అబద్ధం అలా అలవాటవుతుందని నాకు తెలియదు.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ లేచాను. సాక్ష్యాల వేళ అంటే, ఆ వారం దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకునే సమయం. నేను చెప్పింది మేలు కాదు.

"నాకొక సంగతి తెల్వాలె. నేను దేవునికిచ్చిన కానుక మీద అయ్యగారు నల్లరంగు పూసిండు. పని మంచిగ లేకుంటె నాకు చెప్పాలె. గిట్ల బజార్ల నా ఇజ్జత్ తీసుడేంది?"

ముత్యం సారు నన్ను కూర్చోమని చెయ్యి ఊపాడు, నేను కూర్చోలేదు. ఆడవాళ్ల వైపు రిబ్కమ్మ గారు సగం లేచింది, ముఖం ఎర్రబడి ఉంది. బక్కయ్య గారు ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అప్పుడు ఆయన లేచాడు.

"సామ్యూలు అడిగింది న్యాయమే. పని మంచిగున్నది. గసొంటి పని నేనెన్నడు చూడలే. తప్పు నాది. గా మెరుపుల నా ముఖం చూసుకునుడు అలవాటైంది. ఊర్లెకు పోతె, జనం వాక్యం ఇనుడు కంటె ముందు సైకిలు చూసుడు, నేను మురుసుడు. గర్వం అచ్చింది నాకు. గందుకే పూసిన. నన్ను మన్నించుండ్రి" అన్నాడు.

"స్తోత్రం" అంది గుడి. కొందరు కళ్లు తుడుచుకున్నారు. బయటికి వచ్చాక ముత్యం సారు నా భుజం తట్టి, ఎంత పనివాడివయ్యా, మనిషికి గర్వం తెప్పించే పని చేశావు అన్నాడు. నేను గాలిలో తేలిపోయాను. ఇంటి దాకా చేతులు ఊపుకుంటూ నడిచాను.

అన్నం వడ్డిస్తూ సంతోషమ్మ అడిగింది, "దానికి నికెల్ ఏసినవా నువ్వు?"

"నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. నీకే యాదికి లేదు."

అప్పుడు గుర్తొచ్చింది. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. నేను రుద్దిన రుద్దుడుకు తుప్పెట్లా వస్తుంది, చూపిస్తాను రా అని విసురుగా లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కుని నేరుగా బక్కయ్య గారి ఇంటికి పోయాను. సైకిలు పంచలో గోడకు ఆనించి ఉంది. ఎవరినీ పిలవకుండానే దగ్గరికి పోయి గోటితో గీకాను. రంగు పెచ్చుతో పాటు కింది క్రోము పొర కూడా లేచి వచ్చింది. దాని కింద ఎర్రటి తుప్పు. ఇంకో చోట గీకాను. అక్కడా అంతే. సీటు కింద గొట్టం మొత్తం పొక్కులు పొక్కులుగా ఉంది.

"ఫిబ్రవరిలనే లేసినయ్ తమ్మీ మచ్చలు" అన్న మాట వినపడి వెనక్కి తిరిగాను. రిబ్కమ్మ గారు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో ఒక గుడ్డ ఉంది, తుప్పు మరకలతో బిరుసెక్కిపోయింది. "దినాం పొద్దుగాల కొబ్బరినూనె పెట్టి తుడిసిన. నా నెత్తికి లేకుంటె మాయె, సైకిలుకు పెట్టిన. నువ్వు చూస్తె బాధపడతవని ఆయన సందులకెల్లి పొయ్యెటోడు. వానలు పడ్డంక ఇగ నాతోటి కాలే. నేనే ఆయనకు రంగు డబ్బ తెప్పిచ్చిన."

నాకు తల కొట్టేసినట్టయింది. చేతిలోని పెచ్చును ఎక్కడ పారేయాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను. బక్కయ్య గారు పెరట్లోంచి కాళ్లు కడుక్కుని వచ్చాడు. నా చెయ్యి చూశాడు.

"చూసినవా? సరె. చూడనట్టే ఉండు" అన్నాడు.

"గుడిల అట్లెందుకు చెప్పిండ్రు అయ్యగారూ?"

"నువ్వు నలుగుట్ల నిలబడి అడిగితివి. నేను నలుగుట్ల తుప్పు అంటె రేపటికెల్లి నీ దుకాణానికి ఎవడస్తడు? నీకు పిల్లలున్నరు."

"నాకోసం అబద్ధమాడిండ్రు."

"సగమే అబద్ధం బిడ్డా. గర్వమైతె నిజంగనే అచ్చింది. క్రిస్మస్‌కు జర ఎక్కువనే మురిసిన" అని నవ్వాడు. రిబ్కమ్మ గారు నవ్వలేదు.

తీసుకుపోయి మూడు పూతలు సరిగ్గా వేసి తెస్తానని బతిమాలాను. ఇప్పుడు వద్దన్నాడు. గర్వం పోవాలని రంగు పూశానని చెప్పి మళ్లీ మెరిపిస్తే జనం ఏమనుకుంటారు, పెద్దయ్యగారు వచ్చి పోయేదాకా ఆగు అన్నాడు. ఆయన చెప్పింది నాకు సబబుగానే తోచింది. నా పని బయటపడదు కదా, అందుకే మరీ సబబుగా తోచింది.

ఆగస్టులో పెద్దయ్యగారు వచ్చారు. పొద్దున దుకాణం ముందు జీపు ఆపి, నా చేతి పని గురించి పల్లెల్లో విన్నానన్నారు. మిషన్ ఆస్పత్రిలో ఇరవై ఇనుప మంచాలున్నాయి, కమ్ములన్నీ తుప్పు పట్టాయి, క్రోము చేస్తావా అని అడిగారు. ఇరవై మంచాలు! నేను అంతకుముందు ఒకేసారి నాలుగు ఫ్రేములకు మించి చూసినవాణ్ణి కాను. చేతులు కట్టుకుని చేస్తానన్నాను.

మధ్యాహ్నం విచారణ. గుడిలో బల్ల ముందు పెద్దయ్యగారు, పక్కన ముత్యం సారు, ఎదురుగా బక్కయ్య గారు, బెంచీల మీద మేమందరం. పల్లెల నుంచి వచ్చినవాళ్లు బయట వరండాలో కూడా నిలబడ్డారు. అంతా బాగానే జరిగింది. లెక్క పెడితే తొమ్మిది పల్లెల్లో రెండు వందల చిల్లర మంది విశ్వాసులు అయ్యారు. పెద్దయ్యగారు తల ఊపారు. అప్పుడు ముత్యం సారు, బక్కయ్య గారికి మేలు చేద్దామనే, నిజంగా మేలు చేద్దామనే, జులైలో జరిగిన సాక్ష్యం సంగతి చెప్పాడు. నిండు సంఘంలో తన గర్వాన్ని ఒప్పుకున్న మనిషి అని పొగిడాడు.

పెద్దయ్యగారి ముఖం మారింది. ఆయన కోస్తా వైపు మనిషి, కచ్చితమైన మనిషి.

"ఒప్పుకోవడం మంచిదే. కానీ నా మనసు నొచ్చుకుంది. ఒక సైకిలుకే గర్వపడిన మనిషి, రేపు గురువు అంగీ తొడిగితే ఏమవుతాడు?" అన్నారు.

బక్కయ్య గారు తల వంచుకున్నాడు. నిజం చెబుతాడేమో అనుకున్నాను. చెప్పలేదు. పెద్దయ్యగారు బెంచీల వైపు చూసి నన్ను గుర్తుపట్టారు.

"సామ్యూల్, ఆ కానుక ఇచ్చినవాడివి నువ్వే కదా. దగ్గరగా చూసినవాడివి. చెప్పు, ఈయనలో ఆ గర్వం నిజంగా ఉండేదా?"

లేచాను. బక్కయ్య గారు తల ఎత్తి నన్ను చూశాడు. బతిమాలలేదు, బెదిరించలేదు, ఊరికే చూశాడు. నికెల్ వేయలేదు అయ్యగారూ, తుప్పు పట్టింది, నన్ను కాపాడటానికి రంగు పూసుకున్నాడు. చెప్పాల్సింది ఇంతే. నాలుక మీద దాకా వచ్చింది. నేను నిజం చెబితే ఆయన గుడిలో అబద్ధమాడిన వాడవుతాడు కదా, అది ఇంకా పెద్ద తప్పు కదా అని ఒక ఆలోచన వచ్చింది. చాలా చక్కటి ఆలోచన. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. కాని దాని వెనక ఇరవై మంచాలున్నాయి, నాకు తెలుసు.

"ఉండె అయ్యగారూ. జర ఉండె" అన్నాను.

కూర్చున్నాను. పెద్దయ్యగారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. బక్కయ్య గారిని ఇంకో అయిదేళ్లు చూద్దామన్నారు. ఈలోపు గర్వానికి తావులేని చోట సేవ చేస్తే మంచిదని సిర్పూరు అవతలి అడవి పల్లెలకు పంపించారు. వరండాలో ఒక ముసలాయన, "మరి మా నెత్తిన నీళ్లెవరు పోస్తరయ్యా?" అని అడిగాడు.

పది రోజుల తర్వాత బక్కయ్య గారి సామాను పెద్దపల్లి బస్సు ఎక్కింది, అక్కడి నుంచి రైల్లో పోవాలి. సంఘం సంఘమంతా బస్సు దగ్గరికి వచ్చింది. నేనూ వెళ్లాను, వెళ్లకపోతే బాగుండదని. బస్సు పైకెక్కి సైకిలును తాళ్లతో నేనే కట్టాను. దిగేసరికి బక్కయ్య గారు అందరికీ చేతులు కలుపుతూ నా దగ్గరికి వచ్చి, "మంచాల పని మంచిగ చెయ్యి బిడ్డా. రోగులు పండుకునేటియి" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

రిబ్కమ్మ గారు అప్పటికే కిటికీ పక్కన కూర్చుంది. నమస్కారం పెట్టాను. ఆమె కిటికీలోంచి వంగి, మెల్లగా, నాకొక్కడికే వినపడేట్టు మాట్లాడింది. ఎప్పుడూ తమ్మీ అనే మనిషి ఆ రోజు పేరు పెట్టి పిలిచింది.

"సామ్యూలూ, ఆయన నిన్ను ఎన్నడో మన్నించిండు. నాకు చాతగాలే. ఆయన పక్కన మోకాళ్లేసి నీ పేరు మీద ప్రార్థన చేస్తడు, నేను ఆమేన్ అనకుంట పెదవులు కరుసుకుంట. గీ పాపం గూడ నీదే" అంది.

బస్సు పోయింది. నేను దుకాణానికి పోలేదు, మానేరు ఒడ్డుకు పోయి పొద్దుగూకేదాకా కూర్చున్నాను. ఛీ అని నన్ను నేనే ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. వచ్చే ఆదివారం లేచి అంతా చెప్పేయాలి, మంచాలు పోతే పోనీ, దుకాణం మూతబడితే పడనీ అనుకున్నాను.

నిజంగానే లేచాను. సాక్ష్యాల వేళ నిలబడి, "అయ్యగారికి గర్వం లేదు, ఏం లేదు. నేను దేవునికి మూడు పూతలని చెప్పి ఒంటి పూత ఏసిన. నికెల్ ఏయలే. తుప్పు లేసింది. నా ఇజ్జత్ కాపాడెతందుకు ఆయన రంగు పూసుకుండు. గా నికెల్ పైసలిచ్చినోనికి ఏసిన" అన్నాను.

వెనక బెంచీ నుంచి ఎవరో "నికెల్ అంటె ఏంది?" అని అడిగారు. ముత్యం సారు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"చూసిండ్రా తగ్గింపు మనసు అంటె! పోయిన మనిషి తప్పును తన నెత్తి మీదేసుకుంటుండు. బక్కయ్యకు లేని తగ్గింపు దేవుడు సామ్యూలుకు ఇచ్చిండు" అన్నాడు.

"స్తోత్రం" అంది గుడి.

"కాదు సారూ! నిజం చెప్తున్న!" అని అరిచాను. మళ్లీ స్తోత్రం అన్నారు, ఈసారి ఇంకా గట్టిగా. ఎంత అరిస్తే అంత స్తోత్రం. ఒక ముసలమ్మ నా చేతులు తీసుకుని కళ్లకద్దుకుంది. ఇక ఏం చేయాలో తెలియక కూర్చున్నాను.

పెద్దయ్యగారి దగ్గరికి పోయి ఇదే మాట చెప్పొచ్చు. నికెల్ అంటే ఏమిటో ఆయనకు తెలుసు, నమ్ముతారు. ఒక ఉత్తరం రాసినా చాలు. ఇరవై మంచాలు మూడు పూతలతో చేసి ఇచ్చినప్పుడు, ఆయన ఎదురుగా నిలబడి మెప్పు పుచ్చుకున్నప్పుడు కూడా నోరు తెరిచి ఉండొచ్చు. ఏదీ చేయలేదు. నాలుగేళ్లయింది. బక్కయ్య గారికి అరవై దాటాయి, ఇంకా ప్రసంగిగానే ఉన్నాడట.

ఆ ఆదివారం ఇంటికి నడుస్తుంటే సంతోషమ్మ నా పక్కన రాలేదు, నాలుగడుగులు ముందు నడిచింది. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"చెప్పినవ్ గద. ఎవలు నమ్మలే. ఇగ పాణం సల్లవడ్డదా?"

నేను ఆమెను దాటుకుని లోపలికి పోయాను. పడింది. వాళ్లు నమ్మలేదని తెలిసిన మరుక్షణమే, ఆ బెంచీ మీదే, నా ప్రాణం చల్లబడింది.